మానేసినవాళ్లను పిలుచుకొచ్చే ఓర్లీనా

ఓర్లీనా స్టిడమ్ ఫోన్ చేస్తే ఎత్తకుండా ఉండడం మా కొండల్లో ఎవరివల్లా కాదు. ఎత్తకపోతే మళ్లీ చేస్తుంది. మళ్లీ ఎత్తకపోతే మీ అమ్మకు చేస్తుంది. అమ్మ కూడా ఎత్తకపోతే ఆదివారం చర్చి మెట్ల మీద పట్టుకుని, పదిమందీ వినేలా, "ఏమ్మా, ఫోను పాడైందా, నా మీద కోపమా?" అని అడుగుతుంది. అంతకంటే ఫోన్ ఎత్తడమే సుఖం.

ఆమె ఉద్యోగమే అది. వాగు ఒడ్డున, రెండేళ్ల చదువు చెప్పే మా కాలేజీలో చేరి, మధ్యలో కనిపించకుండా పోయినవాళ్లను వెతికి పట్టుకుని మళ్లీ క్లాసులో కూర్చోబెట్టడం. డీన్ ప్రూయిట్ గారి మీటింగుల్లో ఈ పనికి పెద్ద పేరేదో ఉంది. చేరినవాళ్లలో రెండో ఏటి దాకా నిలిచిందెందరు, పట్టా పుచ్చుకుని బయటపడిందెందరు అని రాజధాని నుంచి ఏటా అడుగుతారు. మా కాలేజీ జవాబు ఏ ఏడూ గొప్పగా ఉండదు. సగానికి సగం జారిపోతారు. బొగ్గుగని మూతపడితే జారిపోతారు, కారు చెడిపోతే జారిపోతారు, మామ్మకు ఒంట్లో బాగోకపోతే జారిపోతారు. వీళ్లను మీటింగుల్లో 'మానేసినవాళ్లు' అంటే మాత్రం ఓర్లీనాకు ఒళ్లు మండుతుంది.

"మానేయడం అంటే తలుపు ధడేల్మని వేసి పోవడం. మావాళ్లు అలా పోరు. ఎవరికీ ఇబ్బంది కలక్కుండా వెనక గుమ్మంలోంచి పోతారు" అంటుంది.

అరవైకి దగ్గరపడిన మనిషి. కాస్త బొద్దు. ఆమె కారు వెనక సీట్లో ఎవరో ఒకరి చంటిబిడ్డ కుర్చీ, ఎవరో మరిచిపోయిన పుస్తకాలు, రొట్టె ముక్కలు ఎప్పుడూ ఉంటాయి. ఊళ్లో సగంమందికి రక్తసంబంధంగానూ మిగిలిన సగానికి బలవంతంగానూ ఆమె అత్తే. మొగుడు హోబర్ట్ గనిలో ఊపిరితిత్తులు పాడుచేసుకుని, ముక్కుకు గొట్టం పెట్టుకుని, వరండాలో కూర్చుని వచ్చేపోయేవాళ్ల మీద జోకులు వేస్తుంటాడు. ఊపిరి సరిపోక జోకులు పొట్టివైపోయాయి గానీ తగ్గలేదు.

ఇక్కడ మావాళ్ల పద్ధతి ఒకటి చెప్పాలి. ఎవరింటికైనా వెళ్లి, లేచి బయల్దేరేటప్పుడు ఊరికే బయల్దేరిపోకూడదు. "వెళ్తాం, మీరూ మాతో వచ్చేయండి" అనాలి. ఇంటివాళ్లు "ఎక్కడికి పోతారు, ఈ పూటకు ఇక్కడే ఉండిపోండి" అనాలి. వాళ్లు రారు, వీళ్లు ఉండరు. అది ఇద్దరికీ తెలుసు. అయినా అనకపోతే ఆ రెండిళ్ల మధ్యా ఏదో చెడిందని మర్నాటికల్లా ఊరంతా పాకిపోతుంది. ఓర్లీనా చిన్నప్పుడు బయటినుంచి కొత్తగా వచ్చిన ఓ పాస్టరు, వాళ్ల నాన్న ఉండిపొమ్మంటే నిజంగానే ఉండిపోయాడు. కోడికూర తిని, ఇంట్లో ఉన్న ఒక్క మంచి పరుపు మీద పడుకుని, పొద్దున రొట్టెలు, గుడ్లు తిని, మధ్యాహ్నం దాకా కదల్లేదు. పిల్లలంతా నేల మీద పడుకున్నారు. ఆయన చాలా మంచివాడు. సగం ఊరికి బాప్తిస్మం ఇచ్చాడు. అయినా మావాళ్లు ఆయన్ని ఇప్పటికీ 'ఉండిపోయినాయన' అనే అంటారు.

ఓర్లీనా పనంతా ఈ పద్ధతి మీదే నడుస్తుంది. టామ్రా ఫ్యూగేట్‌ను పట్టుకొచ్చిన వైనమే చూడండి. టామ్రాకు ముగ్గురు పిల్లలు, నోరు కాస్త పదును, నర్సు కోర్సులో చేరింది. చిన్నదానికి జ్వరం వచ్చి వరసగా కొన్ని క్లాసులు పోయాయి. పోయాక, టీచర్లకు ముఖం చూపించలేక మొత్తానికే మానుకుంది. ఓర్లీనా వాళ్లింటికి వెళ్లి, కాలేజీ ఊసే ఎత్తకుండా, వరండాలో కూర్చుని చిక్కుళ్లకు ఈనెలు తీసింది. పిల్లల గురించి, వాగు గురించి, చర్చిలో తగువుల గురించి మాట్లాడింది. గిన్నె నిండాక లేచింది.

"పొద్దుపోతోందే, వెళ్తా. నువ్వూ నాతో వచ్చెయ్."

"నువ్వే ఉండిపో అత్తా, ఏం తొందర" అంది టామ్రా, అందరూ అనేట్టే.

ఓర్లీనా మళ్లీ కుర్చీలో చతికిలబడింది. "సరే అయితే, ఉంటా. పక్క ఎక్కడ వేస్తావ్?"

టామ్రా నోరెళ్లబెట్టింది. "పక్కా?"

"ఉండమన్నావు, ఉంటున్నా. నాకు గురకెక్కువ, ముందే చెప్తున్నా. పొద్దున గుడ్లు రెండు చాలు. హోబర్ట్‌కి ఫోన్ చేసి రేపు మధ్యాహ్నం దాకా రానని చెప్పు."

"అత్తా, ఏంటీ చోద్యం! ఇంట్లో పడుకోడానికి మాకే చోటు లేదు!"

"అయితే రెండోది చెయ్. నేను కూడా పిలిచానుగా, నాతో రమ్మని. మీ క్లాసుకింకా గంట టైముంది."

టామ్రాకు నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చింది. పిల్లల్ని పక్కింట్లో ఉన్న అత్తగారికి అప్పజెప్పి, చెప్పులేసుకుని కారెక్కింది. ఆ తర్వాత ఒక్క క్లాసు కూడా పోగొట్టుకోలేదు.

ఈ కిటుకు ఓర్లీనాకు ఎలా పట్టుబడిందంటే, తనూ ఒకప్పుడు అలా జారిపోయిన మనిషే కాబట్టి. పందొమ్మిదేళ్లప్పుడు ఇదే కాలేజీలో మిగతావన్నీ గట్టెక్కి, బీజగణితంలో బోర్లాపడింది. ఆ పంతులమ్మ మంచిది. "ఎప్పుడైనా నా గదికి రా, నేర్పుతాను" అంది. ఓర్లీనా మర్యాదగా, "తప్పకుండానండీ, మీరూ మా ఇంటికి రండి" అని చెప్పి, ఆ వారమే సరుకుల కొట్టులో పనికి కుదిరింది. ఆ ఎండాకాలంలోనే పెళ్లి. ఆవిడ నిజంగానే రమ్మందని ఓర్లీనాకు అర్థమయ్యేసరికి చాలా ఏళ్లు గడిచిపోయాయి. ఆ పంతులమ్మ చనిపోయింది కూడా. ఈ ఒక్క సంగతి తలుచుకున్నప్పుడు ఓర్లీనా జోకులెయ్యదు.

నిరుడు ఎండాకాలం చివర్లో డీన్ గారు ఆమెను పిలిచి, తలుపు దగ్గరికి వేశారు. తలుపు వేశారంటేనే మంచి కబురు కాదని ఓర్లీనాకు అర్థమైపోయింది.

"రాజధాని నుంచి కొత్త రూలు వచ్చింది, ఓర్లీనా. పిల్లలకు సలహాలు చెప్పే ఉద్యోగంలో ఉండాలంటే కనీసం మన కాలేజీ పట్టా అయినా ఉండాలట. ఏడాది గడువిచ్చారు."

"నాకన్నీ అయ్యాయి కదండీ, బీజగణితం ఒక్కటి తప్ప."

"ఆ ఒక్కటే ఇప్పుడు అడ్డం."

ఇంటికొచ్చి చెబితే హోబర్ట్, "పోతే పోనీ, ఇద్దరం వరండాలో కూర్చుందాం" అన్నాడు. అన్నాడే గానీ ఆమె ముఖం చూసి ఊరుకున్నాడు. ఆ ఫోన్లు, ఆ వరండాలు, కారు వెనక సీట్లో పడి ఉండే పుస్తకాలు లేకపోతే తను ఏమైపోతుందో ఓర్లీనాకు ఊహకు కూడా అందలేదు. ఆమె బతుకంతా వాటిలోనే ఉంది. ఆ వారమే బీజగణితంలో చేరిపోయింది.

క్లాసు డ్వోరాక్ సార్‌ది. ఆయనది నెబ్రాస్కా రాష్ట్రం. అక్కడ నేలంతా చదునుగా ఉంటుందట, మాటలు కూడా అలాగే ఉంటాయి. వస్తానంటే వస్తారు, రానంటే రారు. మనిషి కుర్రాడు, తాటిచెట్టంత పొడుగు, ఎవరినీ కసరడం ఎరగడు. ప్రతి కొత్త క్లాసులోనూ మొదటిరోజే, "నా గది తలుపు తీసే ఉంటుంది, ఎప్పుడైనా రండి" అనేవాడు. పిల్లలంతా "అలాగే సార్, మీరూ మా వైపు రండి" అని నవ్వుతూ వెళ్లిపోయేవాళ్లు. ఒక్కరూ వచ్చేవాళ్లు కాదు. పాపం, వచ్చినవాళ్లకు పెడదామని బల్లమీద చాక్లెట్ల గిన్నె కూడా పెట్టుకున్నాడు. ఎవరూ రాకపోయేసరికి తనే తిని, వచ్చిన మూడేళ్లలో కాస్త ఒళ్లు చేశాడు.

ఓర్లీనా వెనక వరసలో టామ్రా పక్కన కూర్చుంది. ఆ క్లాసులో సగంమందిని తనే పట్టుకొచ్చి కూర్చోబెట్టింది. వాళ్లందరి ముందూ మొదటి పరీక్ష పేపరు చేతికొచ్చింది. నిండా ఎర్ర సిరా. తల తీసేసినట్టయింది. పేపరు మడిచి సంచీలో కుక్కేసింది.

క్లాసయ్యాక డ్వోరాక్ సార్ ఆమెను ఆపాడు. "కంగారు పడకండి మేడమ్. నా గదికి ఎప్పుడైనా రండి, కూర్చుని చూద్దాం."

"అలాగే సార్. మీరే ఓసారి మా ఇంటికి రండి" అంది ఓర్లీనా.

అనేసి, వరండాలో నాలుగడుగులు వేశాక గానీ తను ఏమందో ఆమెకు తెలియలేదు. తెలిశాక కాళ్లు ఆగాయి. వెనక్కి తిరిగి ఆయన గదికి వెళ్లాలంటే ఎంతోదూరం లేదు. వెళ్లలేదు.

తర్వాతి క్లాసుకు నిజంగానే పనిపడింది, ఎవరిదో కారు వాగులో దిగబడింది. ఆ తర్వాతి క్లాసుకు పడిన పని అంత పెద్దదేం కాదు. ఆ పైన కాలేజీ దాకా వచ్చి, కారు దిగకుండా కూర్చుని, అందరూ లోపలికి వెళ్లాక ఇంటికి తిప్పేసింది. టామ్రా ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్లీ చేసినా ఎత్తలేదు. మూడోసారి టామ్రా హోబర్ట్‌కు చేసింది. హోబర్ట్ ఫోనును ఓర్లీనా చెవి దగ్గర పెట్టాడు.

"ఏం అత్తా, ఫోను పాడైందా, నా మీద కోపమా?"

"పనుల్లో ఉన్నానే" అని నీళ్లు నమిలింది ఓర్లీనా.

"ఆ మాట నేను చెప్తే నువ్వు నమ్మావా?"

ఓర్లీనా ఫోన్ పెట్టేసింది. హోబర్ట్ ఏదో అనబోయి, ఆమె వంక చూసి, మొదటిసారి జోకు మింగేశాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆమె పొయ్యి మీద చిక్కుడుగింజలు పెట్టి, మొక్కజొన్న రొట్టెకు పిండి కలుపుతోంది. వరండాలోంచి హోబర్ట్ కేకేశాడు.

"ఓర్లీనా! ఎవరో పొడుగాటాయన. అయితే ఇన్సూరెన్సువాడు, లేకపోతే దేవుడి మనిషి!"

పిండి చేతులతో వచ్చి చూస్తే వాకిట్లో డ్వోరాక్ సార్. బూట్ల నిండా బురద. ఒక చేతిలో బీజగణితం పుస్తకం, ఇంకో చేతిలో పెద్ద బ్రెడ్డు పొట్లం.

"ఆలస్యమైంది మేడమ్, క్షమించండి" అన్నాడు. "మీరు పిలిచి మూడు వారాలైంది. పేపర్లు దిద్దడంలో పడి రాలేకపోయాను. నొచ్చుకున్నారా?"

"నేను పిలిచానా?"

"మీరే మా ఇంటికి రండి అన్నారు కదా. తర్వాత క్లాసుకు రావడం మానేశారు. అందుకేనేమోనని టామ్రాను అడిగాను. పిలిచాక వెళ్లకపోతే ఓర్లీనా అత్త చచ్చేంత బాధపడుతుంది, వెంటనే వెళ్లండి సార్ అని దారి కూడా చెప్పింది."

"టామ్రానా! అది అందా ఆ మాట!"

హోబర్ట్ నవ్వుతూ నవ్వుతూ దగ్గులో పడ్డాడు. ఓర్లీనా అతని వీపు రాసింది. ఇంటికొచ్చిన మనిషిని వాకిట్లో నిలబెట్టడం చేతకాదు కాబట్టి, లోపలికి పిలిచి బల్ల దగ్గర కూర్చోబెట్టింది. ఆయన రెండుసార్లు వడ్డించుకుని, మజ్జిగ తాగి, రొట్టె ఆఖరి ముక్క కూడా తిన్నాడు. మావాళ్లెవరైనా అయితే ఆ ఆఖరి ముక్క పళ్లెంలోనే వదిలేసేవాళ్లు. తినేశాక పుస్తకం తెరిచాడు.

"మీకు ఎక్కడ కష్టంగా ఉంది?"

"అంతా కష్టమే" అంది ఓర్లీనా. ఇంట్లో దొరికిపోయింది, ఇక దాచేదేముంది. "అంకెల మధ్యలోకి ఈ అక్షరం ఎందుకొచ్చింది? అదే నాకు తలకెక్కదు."

ఆయన పుస్తకంలో ఆ అక్షరం మీద వేలు పెట్టాడు. "అది ఇంకా కనబడనివాడికి పెట్టిన పేరు. ఎవరో తెలియదు. ఎక్కడో ఉన్నాడని మాత్రం తెలుసు. వెతకాలి."

ఓర్లీనా చేతిలో గరిట ఆగింది. "అంటే క్లాసుకు రానివాడన్నమాట."

"అంతే అనుకోండి."

"ఎలా పట్టుకుంటారు?"

"వాడి చుట్టూ చేరినవాళ్లను ఒక్కొక్కరినీ పక్కకు పంపాలి. ఇటు ఒకరిని పంపితే అటూ పంపాలి. చివరికి వాడొక్కడే మిగులుతాడు."

"వాళ్ల అమ్మకు ఫోన్ చెయ్యడం లాంటిదే" అన్నాడు హోబర్ట్.

ఆ సాయంత్రం ఓర్లీనా గరిట పక్కన పెట్టి పెన్సిలు పట్టుకుంది. ఆ కనబడనివాళ్లను ఒక్కొక్కరినీ బయటికి లాగడం మొదలుపెట్టింది. కొందరు దొరికారు. కొందరు చేతికి చిక్కినట్టే చిక్కి జారిపోయారు. ఆమెకు కోపమొచ్చి వాళ్లను తిట్టింది. చీకటి పడకముందే డ్వోరాక్ సార్ లేచాడు.

"ఎక్కడికి పోతారు సార్, ఈ పూటకు ఇక్కడే ఉండిపోండి" అంది ఓర్లీనా, నోటికి అలవాటైపోయి.

ఆయన గడియారం చూసుకున్నాడు. "మీకు ఇబ్బంది లేకపోతే..."

"పారిపో బాబూ!" అన్నాడు హోబర్ట్. "ఊరికే అందయ్యా ఆవిడ. పిలిస్తే వచ్చావు, ఉండమంటే ఉంటావు. నువ్వు మా దగ్గర బతికేదెట్లా?"

అప్పుడు చెప్పక తప్పలేదు. వచ్చేయండి అనడం, ఉండిపోండి అనడం, ఎవరూ రాకపోవడం, ఎవరూ ఉండకపోవడం అంతా చెప్పింది ఓర్లీనా. పాస్టరు కథ కూడా చెప్పింది. ఆయన మొదట నవ్వాడు. తర్వాత మెల్లిగా వరండా మెట్టు మీద కూర్చుండిపోయాడు.

"అంటే, తలుపు తీసే ఉంటుంది, ఎప్పుడైనా రండి అని నేనన్నప్పుడల్లా..."

"మర్యాదకన్నారనుకున్నారు సార్. మర్యాదగానే జవాబు చెప్పి వెళ్లిపోయారు."

"నేను వాళ్లకు నచ్చలేదేమో అనుకున్నాను" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆయన ఇంకా చిన్నవాడిలా కనిపించాడు. ఇన్నాళ్లూ ఒకే కాలేజీలో ఉండి, ఆ గదిలో ఒక్కడే కూర్చుంటాడని చూసి కూడా, ఎందుకని తను ఎన్నడూ అడగలేదని ఓర్లీనాకు అప్పుడు తట్టింది.

ఆయన తలెత్తి చూశాడు. "మరి మీకు తెలుసు కదా, నేను నిజంగానే పిలుస్తానని. మీరెందుకు రాలేదు?"

ఓర్లీనా వచ్చి ఆయన పక్కనే మెట్టు మీద కూర్చుంది.

"సిగ్గుగా ఉంది చెప్పడానికి" అంది. "నేను పిలిచేదాన్ని సార్. ఎవరు ఏడ్చినా వెళ్లి ఓదార్చేదాన్ని. ఒకరి గుమ్మంలో నిలబడి, నాకు రాదు, నేర్పండి అనడం నాకు చేతకాలేదు. మొహమాటం అని చెప్పుకున్నాను నాకు నేను. మొహమాటం కాదది. గర్వం."

ఆయన లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "మంగళవారం మూడింటికి. మీకోసం కుర్చీ వేసి ఉంచుతాను. రాకపోతే మళ్లీ ఇక్కడికే వస్తాను, ఈసారి ఉండమంటే ఉండిపోతాను."

"తప్పకుండా సార్, మీరూ..." అని, నాలిక కరుచుకుంది ఓర్లీనా. "వస్తాను. మంగళవారం."

వెళ్లింది. ఆ గది గుమ్మంలో నిలబడి, "నాకు రాదు సార్, నేర్పండి" అంది. లోపలికి పోయి కూర్చున్నాక మామూలైపోయింది. ఆ తర్వాత వారం టామ్రాను కూడా లాక్కుపోయింది. డ్వోరాక్ సార్ కూడా ఎప్పుడైనా రమ్మనడం మానేశాడు. "నువ్వు బుధవారం నాలుగింటికి, చూస్తూ ఉంటా" అని పేరు పెట్టి పిలవడం నేర్చుకున్నాడు. చలికాలం దాటేసరికి ఆ గదిలో కుర్చీలు చాలక పక్కగదిలోంచి తెచ్చుకోవలసి వచ్చింది. చాక్లెట్లు కూడా ఆయనకు మిగలడం లేదు.

ఓర్లీనా గొప్పగా ఏమీ పాసవలేదు. బొటాబొటిగా గట్టెక్కింది. ఆ కబురు తెలిశాక హోబర్ట్ ఆమె ఫోన్ లాక్కుని, ఊళ్లో అందరికీ తనే ఫోన్లు చేశాడు, ఊపిరి అందినంతసేపూ. డీన్ గారు మాత్రం అభినందించాక కాస్త ఇబ్బందిపడుతూ ఇంకో మాట చెప్పారు. పట్టా ఇన్నేళ్లలోపు పుచ్చుకుంటేనే రాజధానివాళ్లు లెక్కలోకి తీసుకుంటారట. ఓర్లీనాతోపాటు చేరినవాళ్ల లెక్క ఎప్పుడో ముగిసిపోయింది. అందులో ఆమె మానేసినవాళ్ల కిందే ఉంది, ఇక ఉంటుంది కూడా.

"అంటే ఉద్యోగం?" అంది ఓర్లీనా.

"ఉద్యోగం నీదే."

"అది చాలండీ" అంది గానీ, ఇంటికి వెళ్లే దారిలో ఆ మాట ముల్లులా గుచ్చుతూనే ఉంది.

పట్టాలిచ్చే రోజున ఓర్లీనా ఏటా వేదిక మెట్ల పక్కన నిలబడుతుంది. వరసలో వచ్చేవాళ్ల టోపీలు సర్దుతుంది, భయపడేవాళ్ల వీపు మీద ఒక్కటి వేసి పైకి తోస్తుంది. ఈసారి తనకూ నల్లగౌను వేశారు, వరసలో తన చోటు చూపించారు. అయినా కాళ్లు అలవాటుకొద్దీ మెట్ల పక్కకే తీసుకెళ్లాయి. టామ్రా టోపీ వంకరగా ఉంటే సర్దింది. ఇంకెవరిదో బూటు లేసు ఊడితే, కట్టుకోమని కసిరింది. ఒక్కో పేరూ చదువుతున్నారు, ఒక్కొక్కరూ ఎక్కుతున్నారు.

"ఓర్లీనా మే నేపియర్" అని చదివారు.

ఎవరూ కదల్లేదు.

ఓర్లీనా వరస మొత్తం చూసింది. ఇంతదాకా వచ్చి ఆఖరి నిమిషంలో జారిపోయేవాళ్లు ఏటా ఒకరిద్దరు ఉంటారని ఆమెకు తెలుసు. "ఎక్కడికి పోయిందే ఈ పిల్ల?" అని గొణిగి, వెనక తలుపు వైపు తొంగిచూసింది. "వెళ్లి చూడండర్రా ఎవరైనా, బయట ఏడుస్తూ నిలబడిందేమో!"

"అత్తా" అంది టామ్రా.

"నువ్వుండవే. ఎవరా పిల్ల? ఎవరికైనా తెలుసా?"

"అత్తా, నువ్వే!"

పుట్టింటి పేరు. కాలేజీలో చేరిననాటి పేరు, రికార్డుల్లో అలాగే ఉండిపోయింది. పెళ్లయ్యాక ఎవరూ ఆ పేరుతో ఆమెను పిలవలేదు. పైన డీన్ గారు ఇంకోసారి, కాస్త గట్టిగా చదివారు. జనంలోంచి హోబర్ట్ ఊపిరంతా కూడదీసుకుని, "ఉందండీ, వస్తోంది!" అని అరిచాడు. ఓర్లీనా రెండు చేతులతోనూ ముఖం తుడుచుకుని, గౌను ఎత్తిపట్టుకుని మెట్లెక్కింది.